షంషాద్ మేడం లెక్కపెట్టిన చెయ్యి

పులివెందుల బస్టాండు బయట పొద్దున్నే బజ్జీల మూకుడు పొయ్యెక్కుతుంది. లింగాల బస్సు కోసం నిలబడిన నేను, పిండి నూనెలో పడిన చప్పుడు వినగానే గుటక వేస్తాను. ఆకలి కాదు, ఇంట్లో మూడు దోసెలు తినే బయల్దేరి ఉంటాను. పక్కవాళ్ళు దీన్ని తిండిపోతుతనం అనుకుంటారు. చప్పుడుకే నోరూరే ఈ అలవాటును నేను శాస్త్రీయ నిబంధనం అంటాను. ఆ మాట నేర్పి, నా తిండిపోతుతనానికి కాస్త మర్యాద తెచ్చిపెట్టిన మనిషి షంషాద్ మేడం.

ప్రొద్దుటూరులో నేను బీఈడీ చదివేటప్పుడు ఆమె మాకు సైకాలజీ చెప్పేవారు. యాభై దాటిన వయసు. క్లాసులోకి రాగానే చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టేవారు. పాఠం అయ్యేదాకా ఆమె దానివైపు చూసేవారు కాదు, మేం చూసేవాళ్ళం. మొదటి వారమంతా భోజనానికి ముందు పీరియడులో పాత న్యూస్‌పేపరు పొట్లమొకటి తెచ్చి, గరగరలాడించి విప్పేవారు. లోపల మిరపకాయ బజ్జీలు. తలా ఒక ముక్క పెట్టి పాఠం మొదలుపెట్టేవారు. శుక్రవారం కూడా పొట్లం గరగరలాడింది, క్లాసంతా గుటక వేసింది. పొట్లం విప్పితే ఏమీ లేదు. ఎంత గంభీరమైన సందర్భాన్నయినా చెడగొట్టడం కాలేజీలో నా బాధ్యత కాబట్టి లేచి అడిగాను. "పుస్తకంలో గంట కొడితే చొంగ కార్చే కుక్క ఉంది గదా మేడం. మన క్లాసులో కుక్క యాడుంది?"

"నలభైమంది ఉండారు గదప్పా, చాల్దా?" అన్నారు మేడం.

బహుమానంతో అలవాటును గట్టిపరిచే పునర్బలనం చెప్పిన రోజు ఆమె ఇంటి సంగతే ఉదాహరణ అయింది. భర్త కువైట్‌లో పనిచేసేవాడు. "మా ఆయన రోజూ ఎనిమిదింటికి ఫోన్ చేసే కాలంలో ఎనిమిదిదాకా నేను ఫోను మొగం గూడా చూసేదాన్ని కాదు. ఇప్పుడు ఎప్పుడు చేస్తాడో ఆయనకే తెలీదు. అందుకని వంటింట్లోకి గూడా ఫోను ఎత్తుకపోతాండా. రోజూ వచ్చే బహుమానం కంటే ఎప్పుడొస్తాదో తెలీని బహుమానానికి బలం శానా" అన్నారు. "ఈ సూత్రం సార్‌కు తెలుసా మేడం?" అన్నాను. "తెలీదు. నువ్వు చెప్పొద్దు" అని పేజీ తిప్పారు.

ఇవన్నీ నాకు నవ్వుకోవడానికి బాగుండేవి, పరీక్షలో రాయడానికి ఇంకా బాగుండేవి. మనుషులకు పనికొస్తాయన్న అనుమానం మాత్రం జమ్మలమడుగు వెళ్ళేదాకా రాలేదు.

టీచింగ్ ప్రాక్టీసుకు నన్ను అక్కడి హైస్కూల్లో ఎనిమిదో తరగతి సైన్సుకు వేశారు. చివర్లో ఫైనల్ లెసన్ ఉంటుంది. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు, మార్కులన్నీ ఆయన పెన్నులో ఉంటాయి. అందుకని సీనియర్లు మాకు ఒక ఏర్పాటు అప్పజెప్పి వెళ్ళారు. ప్రశ్న అడిగితే పిల్లలందరూ చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. మనం కుడిచేతుల్నే లేపుతాం. చూసేవాడికి క్లాసంతా మేధావులే. నేను మొదటిరోజే పిల్లలకు ఇది నేర్పేశాను. పాఠం కంటే తొందరగా నేర్చుకున్నారు.

ఆ వారం మేడం నాలుగు రోజులు వచ్చి వెనక కూర్చున్నారు, ఏదో రాసుకున్నారు. గురువారం సాయంత్రం ప్రొద్దుటూరు బస్సులో నోటుబుక్కు నా ఒళ్ళో పెట్టారు. నా బోధన గురించి ఒక్క ముక్క లేదు. 'మూడో బెంచీ, నాగవేణి' అని రాసి, కింద నాలుగు అంకెలు. సోమవారం ఏడు, మంగళవారం నాలుగు, బుధవారం ఒకటి, గురువారం సున్న.

"ఏంది మేడం ఇది?"

"ఆ పాప చెయ్యెత్తిన లెక్క. నువ్వు ఒక్కసారన్నా లేపలేదు. ప్రతిఫలం రాని ప్రవర్తన యెట్ల ఆరిపోతాదో బోర్డు మీద గీసి చూపించినా గదా. నీది పుస్తకంలో బొమ్మ కంటే బాగొచ్చింది."

నేను ఏర్పాటు సంగతి ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి ఎడమచెయ్యి ఎత్తుతోంది, అంటే తెలియదని కదా అన్నాను.

"ఏ చేత్తో రాస్తాదో చూసినావా?"

చూడలేదు. "కుడిచెయ్యి ఎత్తమని చెప్పినా మేడం" అన్నాను.

"పిల్లకు చెప్పినావు. చేతికి చెప్పినావా?"

కండక్టరు టికెట్ అడిగినా నాకు వినపడలేదు. నా జీవితంలో జోకు తట్టని ప్రయాణం అదొక్కటే. బస్సు దిగేముందు మేడం అన్నారు: "మూడు రోజులు సెలవులు. ఆరిపోయిన ప్రవర్తన కొంచెం విరామం వస్తే దానంతటదే ఒకసారి లేస్తాది. అప్పుడు గూడా పట్టించుకోకపోతే ఇంక లేయదు. నువ్వు ఫైనల్ లెసన్ కాంగానే యెళ్ళిపోతావు. ఆ పిల్లకు ఇంకా రెండేండ్ల బడి ఉంది." దాన్ని మా పుస్తకంలో అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. రెండు మార్కుల ప్రశ్న. పలికినందుకే రెండు మార్కులూ ఇచ్చేయాలి.

సెలవుల తర్వాతి రోజే ఫైనల్ లెసన్. గంట కొట్టక ముందే పిల్లలకు చెప్పాను. "ఏర్పాటు రద్దు. తెలిస్తేనే ఎత్తండి. ఏ చెయ్యైనా సరే." పిల్లలు నన్ను జాలిగా చూశారు. వెనక ఎగ్జామినర్, పక్కన మేడం. "మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి?" అని అడిగాను. లేచినవి మూడు చేతులు. "మట్టి గాబట్టి సార్" అని ఒకడు, "నీడలో పెడతారు సార్" అని ఇంకొకడు. మూడోవాడు చెయ్యి దించేసుకున్నాడు. ఎగ్జామినర్ ఏదో రాశారు. చాలాసేపు రాశారు.

అప్పుడు మూడో బెంచీలో ఒక ఎడమచెయ్యి, మోచెయ్యి బల్లకు ఆనించుకునే, సగందాకా లేచింది. "చెప్పు నాగవేణీ" అన్నాను.

"ఒంటికి పోవల్ల సార్."

క్లాసంతా నవ్వింది. ఎగ్జామినర్ మళ్ళీ రాశారు. మూడు రోజులు నిద్ర చెడగొట్టుకుని ఎదురుచూసిన శాస్త్రీయ ఘట్టం అది. మేడం నవ్వి ఉంటే నేనూ నవ్వేసేవాణ్ణి. ఆమె మాత్రం నవ్వకుండా నన్నే చూస్తున్నారు. "అడిగి మంచిపని చేసినావు, పోయిరామ్మా" అన్నాను.

రెండు నిమిషాలకు నాగవేణి గుమ్మంలో నిలబడింది. చేతులు తడిగా ఉన్నాయి. ఎడమచెయ్యి ఈసారి నిండుగా పైకి లేచింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"అది గాదు సార్. చేతులు కడుక్కున్యా. గాలికి తడి ఆరిపోతాంటే చల్లగైనాయి. కుండకు గూడా బయట తడి ఉంటాది గదా. అది ఆరిపోతా లోపలి నీళ్ళను చల్లగ చేస్తాదా?"

నేను అవునని చెప్పేలోపే ఇంకోటి వేసింది. "మరి ప్లాస్టిక్ బిందెకు తడి యాల రాదు సార్?" దానికి ఎవరెవరి చేతులు లేచాయో లెక్కపెట్టలేకపోయాను. కుడివీ ఎడమవీ కలిసిపోయాయి, ఒకడు రెండూ ఎత్తాడు.

ఎగ్జామినర్ నా కాగితం మీద 'తరగతిలో క్రమశిక్షణ తక్కువ' అని రాసి ఓ మోస్తరు మార్కులు వేశారు. నేను మొహం వేలాడేసుకుని బయటికొస్తే మేడం నోటుబుక్కు తెరిచి చూపించారు. నాగవేణి పేరు కింద, సున్న పక్కన తొమ్మిది. "మార్కులు నీ ఇంట్లో చూసుకో. ఇది మాత్రం ఈడ చూసిపో" అన్నారు. ఆమె నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. పాఠం చెప్పేటప్పుడు మమ్మల్ని ఎంత నవ్వించినా తాను నవ్వేవారు కాదు.

లింగాల దగ్గర బళ్ళో నాకిప్పుడు నాలుగో ఏడు. క్లాసులో సగం లేచిన చెయ్యి కనిపిస్తే చాలు, లేపి అడుగుతాను. నిన్న హెడ్మాస్టరు నన్ను పిలిచి, పిల్లలు ఫిర్యాదు చేస్తున్నారని చెప్పారు. నా పీరియడులో తల గోక్కోవడానికి కూడా వీల్లేకుండా పోయిందట, గోక్కున్నవాళ్ళనల్లా లేపి జవాబు చెప్పమంటున్నానట. నిజమే సార్ అన్నాను. కాకపోతే గోక్కున్నవాళ్ళు చాలామంది చెప్పేస్తున్నారు.