పొద్దు వాలే వేళ డ్యూటీ

మొన్న కాకినాడలో హౌస్ సర్జనీ చేస్తున్న మా మేనకోడలు, ఏ వేళకు రోగులు ఎక్కువొస్తారో చూసి తమ డ్యూటీలు కంప్యూటరే వేస్తోందని మాటల మధ్య చెప్పేసరికి, తొంభైల్లో అమలాపురంలో నేను కొత్తగా తెల్లకోటు తొడుక్కున్న రోజులు గుర్తొచ్చాయి.

అప్పుడు మేం ముగ్గురం ఆడపిల్లలం, ఆసుపత్రి వెనక ఒకే గదిలో ఉండేవాళ్ళం. క్యాజువాలిటీలో పొద్దున్న ముగ్గురమూ, మధ్యాహ్నం నుంచి ఒక్కరే. ఎవరు పెట్టిన పద్ధతో గాని, మార్చాలని ఎవరికీ తోచలేదు. పొద్దున్న దగ్గులూ జ్వరాలూ ఓపీలో పెద్ద డాక్టర్లే చూసేవారు, మేం కబుర్లు చెప్పుకునేవాళ్ళం. కొబ్బరికాయల దింపు తీస్తూ చెట్టు మీంచి పడినవాళ్ళూ, కొడవలితో చెయ్యి తెగినవాళ్ళూ, రావులపాలెం రోడ్డు మీద లారీ తగిలినవాళ్ళూ వచ్చేది పొద్దు వాలే వేళకే.

కోతల కాలంలో ఒక సాయంత్రం నా వంతు. చేలో నాగుపాము కరిచిన చిన్నపిల్లను తండ్రి భుజాన వేసుకొచ్చాడు. విరుగుడు మందు ఎక్కిస్తుండగానే కనురెప్పలు వాలిపోయి, ఊపిరి ఆగిపోతే, గాలిసంచీ నొక్కుతూ ఆ ఊపిరేదో నేనే అందించాల్సి వచ్చింది. "బతుకుద్దాండీ?" అని ఒక్కసారే అడిగి ఆ తండ్రి గోడకు ఆనుకుపోయాడు. అంతలోనే, చెట్టు మీంచి జారి కత్తి తొడలో దిగిన మనిషిని రిక్షాలో తెచ్చారు. సిస్టరుగారు గుడ్డ అదిమిపట్టినా రక్తం ఆగడం లేదు. పిల్లను వదలలేను, అతని దగ్గరికి వెళ్ళలేను. పెద్ద డాక్టరుగారి ఇంటికి కబురు పంపి, సంచీ నొక్కుతూనే ఉన్నాను.

సినిమా మొదటి ఆటకు బయల్దేరిన మా గది స్నేహితురాళ్ళిద్దరూ గేటు దగ్గర జనాన్ని చూసి లోపలికొచ్చారు.

"నువ్వు సంచీ వదలకే, అతన్ని నేను చూస్తాను" అంటూ ఒకామె, కొత్త బండారులంక చీర కొంగు దోపుకుని, తెగిన రక్తనాళం పట్టి ముడివేసింది. నా చేతులు పడిపోయినప్పుడల్లా రెండో ఆమె సంచీ అందుకుంది. చాలాసేపటికి పిల్ల తనంతట తాను ఊపిరి తీసుకుంటే, ఆ తండ్రి మా ముగ్గురికీ దణ్ణం పెట్టాడు. తొడ తెగిన మనిషీ బతికాడు. ఇద్దరి ఇళ్ళూ నిలబడ్డాయి.

ఇంతలో కబురందుకుని వచ్చి, అంతా చూసిన పెద్ద డాక్టరుగారు నెమ్మదిగా అన్నారు: "జనం సాయంత్రం వస్తుంటే, పొద్దున్నే మీ ముగ్గుర్నీ ఇక్కడ కూర్చోబెట్టి నేనేం చేస్తున్నానమ్మా?"

మర్నాటి నుంచీ పొద్దున్న ఒక్కరు, సాయంత్రం ముగ్గురం. ఆటలు పోయాయి, షికార్లు పోయాయి. కానీ రోగికీ రోగికీ మధ్య బయట బండి మీది వేడి ఇడ్లీలు ముగ్గురం నిలబడే తిని, మళ్ళీ లోపలికి పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు ముగ్గురం మూడు ఊళ్ళలో ఉన్నాం. ఫోను చేసుకుంటే షుగరు గురించీ మోకాళ్ళ గురించీ చెప్పుకుంటాం. సాయంత్రాలన్నీ ఖాళీయే. క్యాజువాలిటీకి రమ్మని నన్ను కేకేసి పిలిచేవాళ్ళే లేరు.