ఒంటికి నూనె లేని పిల్లలు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ చుక్క మామ అంటారు. మిషన్ గోల చేస్తోందన్నా, దారం ఊరికే తెగుతోందన్నా ఆయన నోట ముందు వచ్చే మాట ఒకటే: "ఒక చుక్క వేసి చూద్దాం." వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని ఆయనకి తాగుడు అలవాటుందేమో అనుకునేవారు. చొక్కా జేబులోంచి బయటికి పొడుచుకొచ్చిన నూనెడబ్బా ముక్కు చూశాక నవ్వుకునేవారు. తలుపు బందులకీ, సైకిల్ గొలుసుకీ, ఒకసారి ఎదురింటి ముసలాయన కళ్ళజోడు మరకీ కూడా ఆయన ఆ చుక్కే వేశాడు. ఇన్నేళ్ళలో ఆ చుక్క ఆయనకి ఎప్పుడూ మాట తేలేదు.

ప్రాణమున్న వాటి సంగతి మాత్రం భార్య చూసుకునేది. కుండీల్లో మొక్కలు, వసారాలో పిల్లి, పెరట్లో బాతు అన్నీ ఆవిడవే. గుడ్ల మీద కూర్చున్న బాతుని కుక్క ఎత్తుకుపోతే, ఆవిడ ఆ గుడ్లని అట్టపెట్టెలో బల్బు కింద పెట్టి, వేళ తప్పకుండా తిప్పుతూ పొదిగించింది. ఆరు పిల్లలు బయటికొచ్చాయి. వాటి కాళ్ళు ఇంకా నిలదొక్కుకోకముందే ఆవిడ కడుపునొప్పి ముదిరింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు.

ఆసుపత్రికి బయల్దేరుతూ పెట్టె పక్కన నిలబడి మొగుడికి అన్నీ అప్పజెప్పింది.

"బల్బు ఆర్పకండి. మేత తడిపి పెట్టండి, పొడిగా పెడితే గొంతుకి అడ్డం పడుతుంది. తాగే నీళ్ళు పళ్ళెంలో కొంచెమే. టబ్బులో మాత్రం వదలొద్దు."

"బాతులకి నీళ్ళొద్దంటావేంటే! రేపు చేపలక్కూడా వద్దంటావు."

"వేళాకోళం కాదు. తల్లి రెక్కల కింద పడుకుంటే దాని నూనె వీటికి అంటుకుంటుంది. ఈ పిల్లలకి తల్లి లేదు, ఒంటికి ఆ నూనె లేదు. నీళ్ళలో వదిలితే తడిసి మునిగిపోతాయి." ఆటో ఎక్కాక తల బయటికి పెట్టి మళ్ళీ అంది. "నేనొచ్చేసరికి ఆరూ ఉండాలి. అవి ఈదుతుంటే చూడాలని నాకు ఎంత ఉందో మీకు తెలీదు."

ఆయన అన్నీ చెప్పినట్టే చేశాడు. మేత తడిపాడు, గుడ్డలు మార్చాడు, రాత్రిళ్ళు లేచి బల్బు వెలుగుతోందో లేదో చూశాడు. మిషన్ల పని పక్కన పెట్టేశాడు. ఆవిడ చెప్పినవాటిలో ఒక్క మాట మాత్రం ఆయన్ని వదల్లేదు. నూనె లేదంది కదా! నూనె లేకపోవడమంటే ఆయనకి జబ్బు కాదు, పని.

ఆ పొద్దున బావమరిది ఫోన్ చేశాడు. "అక్కని పంపించేస్తున్నారు బావా. మధ్యాహ్నానికి వచ్చేస్తాం."

ఆయన పెరట్లో పెద్ద టబ్బు కడిగి నీళ్ళు నింపాడు. సిల్కు మిషన్లకి వాడే పల్చటి నూనె తీసి, మెత్తటి గుడ్డకి అద్ది, ఒక పిల్లకి తల నుంచి తోక దాకా పూశాడు. దాన్ని మాత్రమే నీళ్ళలో వదిలి చూశాడు. ఏ పనైనా ముందు ముక్కగుడ్డ మీద కుట్టి చూడటం ఆయన అలవాటు. నీళ్ళు దాని వీపు మీంచి పూసల్లా జారిపోయాయి. పిల్ల గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. మిగతా ఐదింటికీ పూసి, అన్నిటినీ వదిలాడు.

మొదటి పిల్ల తోక నీళ్ళలోకి దిగడం ఆయన ముందు గమనించలేదు. తర్వాత అది పక్కకి ఒరిగింది. ఇంకొకటి ముక్కు పైకెత్తి అరవబోయింది, గొంతు రాలేదు. ఆయన గబగబా అన్నిటినీ చేతుల్లోకి తీసుకున్నాడు. దూది ఉండల్లా ఉండే పిల్లల ఒంటిమీద నూగంతా దారప్పోగుల్లా అతుక్కుపోయి, మధ్యలో గులాబిరంగు తోలు కనిపిస్తోంది. ఆరూ వణుకుతున్నాయి. ఆయన చేతుల్లో ఆ వణుకు, మర ఊడిన మోటారు అదురులా, ఆగడం లేదు.

వాటిని అట్టపెట్టెలో వేసుకుని కింద వాటాలోని బ్యూటీ పార్లర్‌కి పరిగెత్తాడు.

పార్లర్ అమ్మాయి ఒకావిడకి కనుబొమలు తీస్తోంది. పెట్టెలోకి చూసి దారం నోట్లోంచి వదిలేసింది. "ఏం పోశావు బాబాయ్ వీటి మీద?"

"నూనె. ఒంటికి నూనె లేదంటే..."

"అయ్యో రాత! జుట్టుకి నూనె పట్టిస్తే ఏమవుతుంది? అతుక్కుపోదూ? ఆ నూగు పొంగి ఉంటేనే కదా వాటికి వెచ్చదనం." అప్పటికే కుళాయి తిప్పి, గోరువెచ్చగా ఉందో లేదో మోచేత్తో చూస్తోంది. "పిల్లల షాంపూ ఆ అరలో ఉంది, తియ్యి. తల మునగనివ్వకు."

"మరి నా రెండో కనుబొమ?" అంది కుర్చీలో ఆవిడ.

"కొంచెం ఆగండక్కా. కనుబొమ ఎక్కడికీ పోదు. ఇవి పోతాయి."

ఆవిడ గొణుక్కుంటూనే లేచి తువ్వాలు పట్టుకుంది. అమ్మాయి కడుగుతోంది, ఆవిడ అద్దుతోంది, ఆయన డ్రయ్యర్ దూరంగా పట్టుకుని ఆరబెడుతున్నాడు. రెండు పిల్లలకి నూగు లేచింది. మూడోదానికి లేస్తుండగా కరెంటు పోయింది. డ్రయ్యర్ ఒక్కసారి మూలిగి ఆగింది.

ఆయన చొక్కా గుండీలు విప్పి, ఆరినవాటినీ ఆరనివాటినీ ఒకదాని తర్వాత ఒకటి బనీనులోకి దింపుకున్నాడు. ఐదు లోపలికి వెళ్ళాయి. ఆరోది, అన్నిటికన్నా ముందు ఆయన నూనె పూసిన పిల్ల, తువ్వాల్లో తల వాల్చేసి ఉంది. అమ్మాయి దాని ఛాతీ మీద వేలు పెట్టి చాలాసేపు చూసి, వేలు తీసేసింది.

ఫోన్ మోగింది. "వీధి మొదట్లో ఉన్నాం బావా. తలుపు తీసి ఉంచు."

"పిల్లి పట్టుకుపోయిందని చెప్పు బాబాయ్," అంది అమ్మాయి గొంతు తగ్గించి. "కుట్లు పచ్చిగా ఉన్న మనిషి. ఆ మాత్రం అబద్ధానికి ఏమీ కాదు."

ఆయన మెట్లెక్కుతూ, ఖాళీ పెట్టె మళ్ళీ బల్బు కింద పెడుతూ ఆ మాటే లోపల పదిసార్లు అనుకున్నాడు. పిల్లి. పిల్లి వచ్చింది. నేను ఫోన్ మాట్లాడుతుంటే వచ్చింది.

ఆవిడ తమ్ముడి భుజం పట్టుకుని నెమ్మదిగా వచ్చి మంచం అంచున కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది. ముందు ఖాళీ పెట్టె వైపు, తర్వాత కదులుతున్న మొగుడి కడుపు వైపు చూసింది.

"ఇదేంటి బావా, ఆపరేషన్ అక్కకా నీకా?" అని నవ్వాడు తమ్ముడు. ఎవరూ నవ్వకపోయేసరికి సంచులు లోపల పెట్టే పని చూసుకున్నాడు.

ఆయన వాటిని ఒక్కొక్కటే తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. నాలుగు నిలబడ్డాయి. ఐదోది కళ్ళు మూసుకుని కూలబడింది. ఆవిడ ఎదురుచూసింది.

"ఆరోది?"

"పిల్లి..." అన్నాడు. పిల్లి కిటికీలో పడుకుని ఆయన్నే చూస్తోంది. "పిల్లి కాదు. నేనే. నూనె పూశాను."

"ఏం నూనె?"

"మిషన్‌ది. మంచిదే. సిల్కు మిషన్లకి వేసేది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, కుట్లు నొప్పెట్టకుండా మెల్లగా ఊపిరి వదిలింది. ఆయన నిలబడే ఉన్నాడు. జేబులో నూనెడబ్బా ముక్కు చొక్కాకి అడ్డం తిరిగి ఉంది. దాన్ని సరిచేయడానికి కూడా చెయ్యి కదపలేదు.

"టబ్బులో వేశారా?"

"నువ్వొచ్చేసరికి ఈదుతుంటాయని."

ఆవిడ ఐదోదాన్ని రెండు చేతుల మధ్యకి తీసుకుంది. ముక్కు మీద ఊదింది, చెవి దగ్గర పెట్టుకుంది. అది వణకడం కూడా మానేసింది. కాసేపు అలాగే పట్టుకుని, తన వేళ్ళు చూసుకుంది.

"నా చేతులు మంచులా ఉన్నాయి. ఆసుపత్రిలో ఉన్నప్పట్నించీ ఇంతే. వేడి పుట్టడం లేదు." పిల్లని ఆయన వైపు చాచింది. "పట్టుకోండి. లోపల పెట్టుకోండి."

ఆయన వెంటనే అందుకోలేదు.

"నేనా?"

"వంగలేను, లేవలేను. మీరు కాక ఇంకెవరున్నారు? నేను చెప్తాను, మీరు చెయ్యండి. సొంతంగా మాత్రం ఏమీ ఆలోచించకండి." చెయ్యి ఇంకా చాచే ఉంది. "ముందు ఆ డబ్బా తీసి అటక మీద పెట్టించండి."

తమ్ముడు డబ్బా పట్టుకెళ్ళాడు. ఆయన పిల్లని బనీనులోకి దింపుకుని, గుండీ పెట్టుకుని, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఊపిరి కూడా పొదుపుగా తీసుకుంటున్నాడు. మిగతా నాలుగూ ఆవిడ ఒళ్ళో ఒకదాని మీదొకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి.

"కదిలిందా?" అంది ఆవిడ కొంతసేపటికి.

"ఇంకా లేదు."

"తియ్యకండి. అలాగే ఉంచండి."

ఆయన చెయ్యి చొక్కా మీద ఆనించి కూర్చున్నాడు. కరెంటు వచ్చి ఖాళీ పెట్టె మీద బల్బు వెలిగింది. ఎవరూ అటు చూడలేదు. చాలాసేపటికి, బనీను కింద, ఛాతీ ఎముక పక్కన, ఏదో గోరులాంటిది ఒకసారి గీరింది.

ఆయన చెప్పలేదు. రెండోసారి గీరాక చెబుదామని ఆగాడు.