పన్నెండో బిళ్ల

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ జిగురక్క అనేవారు. పదహారేళ్లుగా ఆమె పని ఒక్కటే. టెలిస్కోపు అద్దాన్ని పట్టి ఉంచడానికి దాని వెనక అంటించిన లోహపు బిళ్లలు ఎంత బరువు మోస్తాయో, ఎన్నాళ్లు ఊడకుండా ఉంటాయో తేల్చాలి. అందుకోసం అదే జిగురుతో గాజుముక్కలకు బిళ్లలు అంటించి, వారం ఆరనిచ్చి, యంత్రానికి తగిలించి ఊడేదాకా లాగుతుంది.

సరిగా అంటిన బిళ్ల ఊడితే జిగురు చీలి రెండువైపులా మిగలాలి. ఆ రోజు పన్నెండో బిళ్ల కడిగిన పళ్లెంలా శుభ్రంగా ఊడొచ్చింది. ఎవరో మహానుభావుడు తుడిచిన గాజును మళ్లీ ఒట్టి చేత్తో ముట్టుకున్నాడన్నమాట! అసలు అద్దానికి బిళ్లలు అంటించిందీ ఈ ముక్కలకు అంటించిన రోజే, ఆ చేతులే.

పెద్దసారు ఏ బిళ్ల ఎంత బరువుకు ఊడిందో రాసిన కాగితం చూసి, "అంకె పాసైందిగా, ఇంకేంటమ్మా? సంతకం పెట్టు" అన్నాడు.

"అంకె ఇవాళ్టిది సార్. ఇంకా ముక్కల్ని తేమలో నానబెట్టే చెమ్మపెట్టెలో పెట్టనేలేదు. నాలుగు వానలు పడితే ఊడుతుంది."

"నీ చాదస్తం నువ్వూనూ! పన్నెండింట్లో ఒక్కటేగా. అది తీసేసి పదకొండే రాయి."

జిగురక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. తీసేయడానికి అదేమైనా అన్నంలో రాయా? ఆ అద్దాన్ని బోర్లా వేలాడదీసినప్పుడు, దాని కింద పడుకుని కడిగేది ఆమె సొంత తమ్ముడు. వాడికి ఇద్దరు పిల్లలు.

మర్నాడు పెద్దసారు గదిలోకి వచ్చేసరికి ఆయన కుర్చీకి సరిగ్గా పైన, దూలం నుంచి ఇరవై కిలోల ఇనుపదిమ్మె వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచింది ఒక గాజుముక్క, దానికి అంటించిన ఒక బిళ్ల.

"ఏంటిది? నీకేమైనా మతిపోయిందా?"

"మీరు పాస్ చేసిన జిగురే సార్. ఆ రోజు అంటించిన వాటిల్లో మిగిలిన ముక్క. మీ అంకె ప్రకారం దీనికి పదింతలు మోస్తుంది. కూర్చోండి, సంతకం పెట్టేస్తాను."

పెద్దసారు నవ్వబోయాడు. పైకి చూశాడు. మెడ తడుముకున్నాడు. చివరికి కుర్చీని బరబరా కిటికీ దాకా లాక్కెళ్లి అక్కడ కూర్చున్నాడు.

జిగురక్క పన్నెండు వరుసలూ రాసిన కాగితం ఆయన ఒళ్లో పెట్టింది.

"మీరు జరిగారు సార్, బానే ఉంది. అద్దం కింద పడుకున్నవాడు ఎక్కడికి జరుగుతాడు?"