పసివాళ్లకు అబద్ధం చెప్పని రివ్కా టీచరు

రివ్కా టీచరు దివంగతులయ్యారన్న వార్త మా బడి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. బర్ దుబాయ్‌లో మెట్రో ఎక్కబోతూ చదివి అక్కడే నిశ్చేష్టురాలినై నిలబడిపోయాను. ఆ వార్త కిందనే మా మేనేజరు గారి ఆజ్ఞ: "పిల్లలకు చెప్పొద్దు. ఊరెళ్లారని చెప్పండి." దుఃఖం కన్నా ముందు నాకు కలిగింది జుగుప్స. సత్యమే వ్రతమైన ఆ తల్లి పేరు మీద తొలి అబద్ధం, ఆమె పోయిన ఉదయమే!

దుబాయ్‌లో యూదు కుటుంబాల పసిపిల్లల కోసం నడిచే చిన్న బడి మాది. రివ్కా టీచరు ముంబైలో పుట్టిన యూదు వనిత. నేను ఆమెకు సహాయకురాలిని, కాకినాడదాన్ని. మా మాటలన్నీ హిందీలోనే. ఆమెకు నేను బేటీని, నాకు ఆమె ఆంటీ.

హీబ్రూ అక్షరాలు మొదలుపెట్టే రోజున ఆమె పిల్లల పక్కన నేల మీద కూర్చుని, పలక మీద అక్షరం రాసి, దానిపై తేనె చుక్క వేసి పిల్లల చేత నాకించేవారు. అది వాళ్ల పెద్దల ఆచారం. పళ్లెంలో బియ్యం పోసి నా చేత ఓనమాలు దిద్దించిన నాన్నగారు గుర్తొచ్చి నా కళ్లు చెమర్చాయి. ఒకసారి గుమ్మంలోంచి అది చూసి మేనేజరు గారు ముఖం చిట్లించారు.

"ఛీ, ఏమిటీ మురికి? ఖలాస్, ఇక ఆపండి! ట్యాబ్లెట్లు కొన్నది ఎందుకు?"

"ట్యాబ్లెట్ నాకితే తియ్యగా ఉండదు సార్," అన్నారావిడ మెత్తగా.

పస్కా పండుగ విందులో ఇంటి చిన్నబిడ్డ ప్రశ్నలడగడం యూదుల సంప్రదాయం. ఒక ఏడాది అతిథులను పిలిచి బడిలోనే ఆ విందు జరిపారు. ప్రశ్నలు బట్టీ పట్టించమన్నారు మేనేజరు. "బట్టీ పడితే అది ప్రశ్న ఎలా అవుతుంది? వాళ్లకు తోచింది అడగనివ్వండి," అన్నారు ఆంటీ. నాలుగేళ్ల తామార్ లేచి, కెమెరా పట్టుకున్న ఆయన్ని చూపిస్తూ అడిగింది:

"మేం తింటుంటే ఆ అంకుల్ వీడియో ఎందుకు తీస్తున్నాడు? వాళ్లింట్లో అన్నం లేదా?"

అతిథులు నవ్వారు. మేనేజరు నవ్వలేదు. పండుగ సెలవుల తర్వాత ఆంటీని తరగతి నుంచి తప్పించి బొమ్మల స్టోరు గదికి పంపారు. పిల్లలు ఆ గది తలుపు అద్దంలోంచి చేతులూపుతుంటే, అద్దానికి కాగితం అంటించారు. అంత నీచత్వం చదువు పేరిట జరగడం చూసి ఆంటీ దగ్గరికి వెళ్లాను. రాజీనామా చేస్తానన్నాను.

"నువ్వూ వెళ్లిపోతే పిల్లల పక్కన నేల మీద ఎవరు కూర్చుంటారు, బేటీ?" అన్నారు.

ఆ గదిలోనే పనిచేస్తూ జబ్బుపడి, ఇంట్లో కన్నుమూశారు.

సిబ్బంది సంతాప సభలో మేనేజరు గారు గద్గద స్వరంతో, "ఆమే మా బడికి ప్రాణం," అన్నారు. ఆ కంఠం అంత సులువుగా తడి కావడం చూసి అసహ్యంతో తల తిప్పుకున్నాను. సభ ముగియగానే, "యల్లా, పదండి, క్లాసులకు వెళ్లండి," అని తోలారు.

తరగతిలో తామార్ నన్నే చూస్తోంది. "రివ్కా టీచర్ ఏ ఊరెళ్లింది?"

మేనేజరు గారు తలుపు దగ్గరే ఉన్నారు. నేను నేల మీద కూర్చున్నాను.

"ఏ ఊరూ వెళ్లలేదమ్మా. చనిపోయారు."

"మళ్లీ రాదా?"

"రారు."

"అక్కడ మమ్మల్ని మర్చిపోతుందా?"

"నాకు తెలియదు తల్లీ."

తామార్ వచ్చి నా ఒళ్లో కూర్చుంది. మిగతా పిల్లలూ దగ్గరికి జరిగారు. మేనేజరు గారు బయటికి పిలుస్తూనే ఉన్నారు. నేను లేవలేదు.

ఆ పుణ్యమూర్తికి నా సాష్టాంగ ప్రణామం. అటువంటి గురువు మా బడికి మళ్లీ రారు. వచ్చినా, నిలుపుకునే యోగ్యత మా బడికి లేదు.