అరిగిన కత్తిపీట

స్టీల్‌ప్లాంట్‌లో మిషన్ల బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైన తిరుమలరావుకి మాట పొదుపు, పెన్సిలు ధారాళం. మల్కాపురంలో సొంతిల్లు, అందులో ఒక్కడే ఉంటాడు. పిల్లల్లేరు. భార్య నూకాలు పోయి ఏడాది దాటింది. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత సామాన్లు వాడేవాళ్లు లేక పాడవుతున్నాయి. సబ్బవరంలో ఉండే మరదలు అసిరమ్మ ఆదివారం వచ్చి పట్టుకెళ్తానంది. సరేనన్నాడు. అన్నాక దిగులు పట్టుకుంది. ఆ మనిషి గుర్తుగా ఇక ఇంట్లో ఏం మిగులుతుంది?

తనకొచ్చిన విద్య ఒకటే కాబట్టి వాటి బొమ్మలు గీయడానికి కూర్చున్నాడు. కవ్వం, మరచెంబు, కత్తిపీట. పైనుంచి ఒక బొమ్మ, పక్కనుంచి ఒకటి, కొలతలతో సహా. మరచెంబు మరలు గీస్తూ ముచ్చటపడిపోయాడు. ఇన్నాళ్లూ అందులో నీళ్లు తాగాడే గాని, దాని అందం చూసిన పాపాన పోలేదు. "ఎంత బాగుందో సూడే" అని వంటింటి వైపు తిరిగి, నోరు మూసుకున్నాడు.

ఆదివారం అసిరమ్మ రాగానే టీ ఇచ్చి, బొమ్మలు ముందు పరిచాడు. ఆవిడ కత్తిపీట దగ్గర ఆగింది.

"సాలా బాగ గీసినావు బావ. గానీ ఇది అక్కది కాదు."

"అదేటే? కొలిసే గీసినాను."

"పూర్ణా మార్కెట్లో కొత్తగా కొన్న పీటలాగుంది. ఆ పల్లమేదీ?"

కత్తిపీట కదలకుండా కాలితో తొక్కిపట్టే చోట చెక్క అరిగి పల్లం పడి ఉంది. నూకాలు అమ్మమ్మ, అమ్మ, నూకాలు, ముగ్గురి కాళ్లూ పడ్డ చోటు. తిరుమలరావు దాన్ని చూడకపోలేదు, చదును చేసి గీశాడు. ప్లాంట్‌లో అరిగిన మిషను ముక్క బల్ల మీదికొస్తే, కొత్తలో ఎలా ఉండేదో అలాగే గీయాలి, ఆ బొమ్మ చూసే కొత్తది చేస్తారు. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు.

రబ్బరు తీసుకుని కింద కూర్చున్నాడు. ఎంత పల్లమో చూద్దామని తన కాలు అందులో పెట్టాడు. సగం పాదం బయటే ఉండిపోయింది. నూకాలుది ఇంత చిన్న పాదమా? ఇన్నేళ్ల కాపురంలో ఒక్కనాడూ గమనించలేదు. సిగ్గేసింది. మరదలి ముందే ఏడ్చేశాడు.

కళ్లు తుడుచుకుని ఆ పల్లం గీశాడు. ఎక్కడ లోతు, ఎక్కడ వాలు, చెక్క చార ఎక్కడ చెరిగిపోయిందో అన్నీ. తను గీసిన వాటన్నిటిలోకీ అదే అందంగా ఉందనిపించింది.

అసిరమ్మ బొమ్మనీ పీటనీ మార్చి మార్చి చూసింది. "ఇది అక్కదే. పీట నీకాడే ఉంచుకో బావ, నానట్టుకెళ్లన్లే."

"వద్దే. అట్టుకెళ్లి కూరలు తరుక్కో," అన్నాడు తిరుమలరావు. "దాని మీద కాలెట్టడానికి ఈ ఇంట్లో ఎవులున్నారు?"