తమ్ముడి పేరుతో నేను రాసిన ఉత్తరం

మొన్న అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లోని మా ఇంట్లో అలమర సర్దుతుంటే పాత ఫైలొకటి బయటపడింది. అందులో నా చేతిరాతతో ఉన్న కాగితాలు తిరగేసి మనవరాలు "నానీ, హూ రోట్ దీజ్?" అని అడిగితే, తమ్ముడనాలో నేననాలో తేలక ఫైలు మూసి పెట్టాను.

ఎస్టీడీ బూత్‌ల ముందు నిలబడ్డ మీకైతే చెప్పొచ్చు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని లోకమంతా హడావుడి పడుతున్న ఆ రోజుల్లో, అడిలైడ్‌లో ఒక ఆఫీసులో తేదీలు ముందుకు జరిపి ఏం చెడిపోతుందో చూడటమే నా ఉద్యోగం. తమ్ముడు మన సైన్యంలో జవాను. అంతర్యుద్ధంతో తగలబడుతున్న ఒక ఆఫ్రికా దేశానికి శాంతిసేనతో వెళ్లాడు. అక్కణ్నుంచి ఫోన్ కుదరక, వారానికోసారి క్యాంపు కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి నాకు మెయిల్ చేసేవాడు. అమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు గనుక నేను దాన్ని తెలుగులో చేత్తో రాసి, గుంటూరు జిల్లాలోని మా ఊరి బూత్‌కు ఫ్యాక్స్ చేసేదాన్ని.

ఆ డిసెంబరులో మెయిళ్లు ఆగిపోయాయి. క్యాంపుకు దారులు మూసుకుపోయాయని టీవీలో విన్నాను. అమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి బూత్ షట్టరు తీసేదాకా మెట్ల మీద కూర్చుంటోందని పిన్ని ఫోన్‌లో చెప్పింది. నాకేమో రంజాన్ ఒక్కపొద్దులు, ఎనిమిదిన్నర దాకా పొద్దు కుంకని ఇక్కడి ఎండాకాలం. నోరెండిపోయి, భయంతో కంటిమీద కునుకు లేక, ఒళ్లు పులిసిపోయింది. ఏం చెప్పను, ఒక సాయంత్రం వాడి సెప్టెంబరు ఉత్తరం తీసి, తేదీ ముందుకు జరిపి, మళ్లీ రాసి పంపేశాను. ఆఫీసులో అలవాటైన పనేగా!

ఆదివారం ఫోన్ చేస్తే అమ్మ ఆ ఉత్తరం మాటే ఎత్తింది.

"మధ్యాహ్నం మెస్సులో చేపల కూర తిన్నానని రాశాడే. వాడు ఒక్కపొద్దు ఎగ్గొట్టే రకమా?" అంది.

ఛీ, నేనూ ఆకలితోనే ఉన్నానే, ఆ చేపల కూర నా కంటికి ఎలా ఆనలేదో! భోరున ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. "సరేలే, వచ్చే వారం కూడా రాయి. వాణ్ని ఒక్కపొద్దు ఉంచి రాయి," అంది. అలాగే రాశాను, ఇఫ్తారుకు ఖర్జూరాలు దొరికాయని కూడా కల్పించి.

పండగ వెళ్లాక నిజంగానే తమ్ముడి మెయిల్ వచ్చింది: బాగున్నాను, అమ్మకు చెప్పు. వెంటనే రాసి పంపాను. అమ్మ ఫోన్‌లో, "చాల్లేమ్మా, ఇదీ నువ్వు రాసిందేగా," అంది. ఒట్టు పెట్టినా నమ్మలేదు. ఐదు నెలల తర్వాత వాడు గుమ్మంలో నిలబడేదాకా, బతికున్న కొడుకు కోసం లోలోపల కుమిలిపోతూనే ఉంది. ఆ ఐదు నెలలూ నా నిర్వాకమే.

ఇప్పుడు తమ్ముడు రోజూ ఫోన్‌లో ముఖం చూపిస్తాడు, మధ్యలో రాసిపెట్టేవాళ్లతో పని లేదు. చూడాల్సిన అమ్మ లేదు. ఎవరు రాశారని మనవరాలు అడిగినట్టే అప్పుడు అమ్మా అడిగి ఉంటే బాగుండేది. ఆవిడ అడగలేదు, నేనేనని తేల్చేసుకుంది.