రాజం కాక రాసిన నాగా

మా రాజం కాక చెట్లకు హాజరు వేస్తాడు. మాట వరసకు అనడం లేదు. రోజూ పొద్దున ఏడింటికి మోకాళ్ల దాకా గమ్‌బూట్లు తొడుక్కుని, చంకలో రిజిస్టరు పెట్టుకుని, "ఒకటో నంబర్" అని పిలుస్తాడు. టేకు పలకదు. అయినా తల ఎత్తి కొసకొమ్మ దాకా చూసి, "హాజర్" అని తనే అని, టిక్కు పెట్టి రెండో చెట్టు దగ్గరకు నడుస్తాడు. ఇట్లా నాలుగు వందల పన్నెండు.

మంచిర్యాల జిల్లా జైపూర్ అవతల అభయారణ్యంలో మా అటవీశాఖకొక కొలతల ప్లాటు ఉంది. ప్రతి చెట్టుకూ రంగుతో నంబరు వేసి, ఏటా చుట్టుకొలత తీసి, అడవి ఎంత పెరిగిందో పై ఆఫీసుకు చెప్పాలి. ఆ బీటుకు ఆఫీసర్ని నేను, సంధ్యారాణిని. కాక నా వాచర్. అంతకు ముందు ముప్ఫై ఏళ్లు శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి మీద కార్మికులకు హాజరు మస్టర్లు రాశాడు. మనిషిని రిటైర్ చేశారు గానీ అలవాటును చేయలేకపోయారు.

ఆయన మస్టరులో అబద్ధం ఉండదని పేరు. తన కొడుకు పెళ్లికి వచ్చిన సొంత బావమరిదికే, ఆ రోజు బాయి పనికి రాలేదని నాగా వేశాడట. "నీ ఇంటి పెండ్లికే గద బావా వచ్చిన" అని అతను మొత్తుకుంటే, "పెండ్లికి హాజరే. బాయికి నాగా" అన్నాడట. ఒకసారి మద్దిచెట్టు కింద పది నిమిషాలు కునుకు తీసి, లేచి తనకు తానే అరపూట నాగా రాసుకున్నాడు.

చెట్లకూ బాయి రూల్సే. చీడ పట్టింది సిక్ లీవులో ఉన్నట్టు. పిడుగు పడ్డది మెడికల్ అన్‌ఫిట్; బాయిలో అట్లా అన్‌ఫిట్ అయినవాడి నౌకరి కొడుక్కు ఇస్తారు. ఆకు రాల్చినవి లీవులో ఉన్నట్టు. "అన్నీ ఒక్కసారే లీవు పెట్టినయి మేడం, ఎవలు సాంక్షన్ చేసిన్రో" అని చలికాలమంతా గొణుగుతాడు.

నాకు మాత్రం అంత ఓపిక లేదు. మంచిర్యాలలో ఐదింటికి లేచి, పిల్లను తయారు చేసి, రెండు ఆటోలు మారి వచ్చేసరికే ఒళ్లు హూనం. నూట ఎనభయ్యో చెట్టు దగ్గర ఒక బండ ఉంది. రోజూ అక్కడే కూలబడేదాన్ని.

"మిగతావి నువ్వే చూడు కాకా."

"మీరు కూసోండ్రి మేడం. చెట్లు యాడికి పోతయి?"

ఒకటి పోయింది.

జనవరిలో రేంజ్ ఆఫీసర్ జైపాల్ సార్ తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. లెక్కలో చెట్టు తగ్గితే నాకు సస్పెన్షన్ తప్పదు. ముందురోజు ఎట్లాగో కాళ్లీడ్చుకుంటూ బండ దాటి వాగు దాకా నడిచాను. రెండు వందల పదిహేడు ఉండాల్సిన చోట గొడ్డలి దెబ్బలతో మొద్దు ఉంది. రిజిస్టరు లాక్కుని చూశాను. జులై పన్నెండు నుంచి మెడికల్ అన్‌ఫిట్.

"కొట్టేసిన చెట్టుకు అన్‌ఫిట్ ఏంది కాకా? నాకెందుకు చెప్పలే?"

"చెప్తే మీకు ఫికర్. మొదలు సావలే మేడం. కొడుకు జాయినైండు సూడుండ్రి."

మొద్దు పక్క నుంచి నడుమెత్తు చిగురు లేచి ఉంది. చుట్టూ ముళ్లకంప.

"ఐదు మొలిచినయి. నాలుగు కోసేసిన. ఇంటికి ఒక్కనికే నౌకరి గద."

నాకు నవ్వు రాలేదు.

మర్నాడు జైపాల్ సార్ ముందు కాక పిలుపు మొదలుపెట్టాడు. నా గుండె ఒక్కో నంబరుకు ఒక్కో మెట్టు దిగుతోంది.

"రెండు వందల పదిహేడు."

"ఉన్నడు" అని కంప వెనక నుంచి జవాబు వచ్చింది.

సార్ ఉలిక్కిపడ్డాడు. చేతిలో కట్టెతో ఒక ముసలమ్మ లేచి నిలబడింది. పక్క ఊరి లింగవ్వ.

"ఈమెవరు?"

"పిల్లగాని గార్డియన్ సార్. మేకలు రాకుంట కాస్తది."

"చెట్టు ఎవరు కొట్టిన్రు?"

"తెల్వది సార్. ఆ దినం నేను డ్యూటీల లేను" అంటూ కాక రిజిస్టరు చూపించాడు. జులై పదకొండు, వాచర్ రాజం, నాగా.

జులై పదకొండు నా పిల్ల పుట్టినరోజు. అందుకే గుర్తుంది. ఆ రోజు పొద్దున వచ్చే దారిలో వాగు దాటుతుంటే నా చెప్పు కొట్టుకుపోయింది; కాక తన గమ్‌బూట్లు నాకిచ్చి, వానలో ఉత్తకాళ్లతో చివరి చెట్టు దాకా నడిచాడు.

"సార్, ఆ దినం కాక డ్యూటీలనే ఉన్నడు. నేను చూసిన."

"మస్టర్ల ఉన్నదే నిజం సార్" అన్నాడు కాక, నా వైపు చూడకుండా.

సార్ మా ఇద్దరినీ చూశాడు, చిగురును చూశాడు, చెమట తుడుచుకున్నాడు. ఆయనకూ ఇంకా రెండు బీట్లు తిరిగే పని ఉంది. "ఇంకోసారి నాగా పెడితే ఇంటికి పంపుత" అని కాకను తిట్టి, నా కాగితం మీద "మొదలు చిగురించింది, రక్షణలో ఉంది" అని రాసి సంతకం పెట్టాడు.

ఊళ్లవాళ్లు టేకు కొట్టేది ఇంటి గుంజలకే. జీతం లేకుండా చిగురు కాస్తున్న లింగవ్వను జీపు పోయాక అడిగాను. "అవ్వా, ఇంటి గుంజ గట్టిగున్నదా?"

"గట్టిగున్నది బిడ్డా, టేకు గద" అని నాలిక కరుచుకుంది. ఇక దాచి లాభం లేదనుకుని తనే చెప్పింది. "ముసుర్ల గుంజ ఇరిగింది. ఇల్లు మీద పడ్తదని కొట్టిన. కేసు పెట్టకు, కాళ్లు మొక్కుత అన్న. మొక్కుడు వద్దు, డ్యూటీ చెయ్యి అన్నడు రాజం. ఒక్కపూట రాకున్నా నాగా రాస్తడు బిడ్డా."

ముప్ఫై ఏళ్లలో ఒక్క దొంగ మస్టరు రాయని మనిషి, రాసిన ఆ ఒక్కటీ తన మీదే రాసుకున్నాడు. రోజూ బండ మీద కూర్చున్న నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

మర్నాడు ఆయన చాయ్ తాగుతుండగా రిజిస్టరు తీసి, ఆ నాగా కొట్టేసి, హాజర్ అని రాసి సంతకం చేశాను. అది చూసి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. చెట్లతోనే మాట్లాడాడు. నాలుగో రోజు నేను బండ దగ్గర ఆగకుండా చివరిదాకా వెంట నడిచాను. కాళ్లు పీకేశాయి. కాక నాలుగు వందల పన్నెండుకు టిక్కు పెట్టి, "నాలుగు వందల పదమూడు" అని పిలిచాడు.

"పదమూడు ఎక్కడిది కాకా?"

"మీరే మేడం. మస్టర్ దిద్దినోళ్ల మీద నిగ ఉంచాలె."

"హాజర్" అన్నాను. నన్ను కిందినుంచి మీదిదాకా ఒకసారి చూసి టిక్కు పెట్టాడు.